రెండు రోజుల వదులు

ఆ కరెంటు ప్లాంటులో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. గేటు కాపలాదారు మొదలుకొని కంట్రోల్ రూములో కూర్చునే ఇంజనీర్ల దాకా అందరికీ ఆమె తేదీలమ్మ. ఏ యూనిట్టును ఎప్పుడు ఆపాలో, ఎన్నాళ్ళు ఆపాలో, ఏ రోజు పొద్దున మళ్ళీ వెలిగించాలో ఆమె బల్ల మీదే తేలుతుంది. సెలవు పెట్టుకోవాలన్నా, ఇల్లు మారాలన్నా, పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలన్నా జనం ముందు ఆమె గదిలోకి తొంగిచూసి, గోడ మీది పొడుగాటి చార్టులో ఎర్రగీత ఎక్కడ పడిందో చూసుకుని పోతారు. పైవాడు సెలవిచ్చినా తేదీలమ్మ ఇవ్వాలి కదా అని వాళ్ళలో వాళ్ళకో వేళాకోళం. ఆమె విని కూడా విననట్టే ఉండేది. లోలోపల కొంచెం గర్వంగానే ఉండేది.

సోమవారం పదకొండింటికి కొనుగోలు సంస్థ నుంచి జవాబు వచ్చింది. ఒకటో యూనిట్టు వార్షిక మరమ్మతుకు ఆమె పదహారు రోజులు అడిగింది. జవాబులో పద్నాలుగు ఉంది. కింద మామూలు సంతకం, మామూలు ఆకుపచ్చ సిరా, 'వేసవి గిరాకీ దృష్ట్యా' అన్న మామూలు మాట. ఏటా ఇలాంటిదే వస్తుంది, ఏటా ఆమె చూసి నవ్వుకుని ఫైలులో పెట్టేస్తుంది. ఈసారి నవ్వు రాలేదు.

ప్లాంటు చేసే కరెంటంతా ఆ ఒక్క సంస్థే కొంటుంది. వాళ్ళతో ఉన్న ఒప్పందం మూడు వందల పేజీల పైమాటే. అందులో నాలుగు పేజీలను నిద్రలో లేపి అడిగినా ఆమె అప్పజెప్పగలదు. మరమ్మతుకు యూనిట్టును ఆపాలంటే ఎన్ని రోజులు కావాలో ముందుగా రాసి పంపాలి. వాళ్ళు తగ్గించవచ్చు. తగ్గించినది చాలదనుకుంటే మూడు పనిదినాల్లో, మూడో రోజు సాయంత్రం అయిదులోపు, కారణాలు చూపిస్తూ అభ్యంతరం రాయాలి. రాయకపోతే ఒప్పుకున్నట్టే. ఆపైన గడువు దాటి ఒక్క పూట ఆలస్యమైనా దాన్ని మరమ్మతు అనరు, ప్లాంటు తప్పు అంటారు. కుండలో కూడు కుండలోనే ఉండాలి, పిల్లాడు దుడ్డులా ఉండాలి అన్నట్టుంటుంది కొనేవాళ్ళ సంగతి. కరెంటు ఆగకూడదు, యంత్రం చెడకూడదు.

దీనికి ఇవతలివాళ్ళు కనిపెట్టుకున్న విరుగుడు ఒకటుంది. పని పన్నెండు రోజులైతే కాగితం మీద పద్నాలుగు వేస్తారు. అవతల ఆ ఉత్తరాలు చూసే అధికారికి ప్లాంటులో కత్తెర అని పేరు. ఆయన పద్నాలుగును పన్నెండుకు కోస్తాడు. కోసినందుకు ఆయన పైవాళ్ళు ఆయన్ని మెచ్చుకుంటారు. చెప్పిన గడువులో పని ముగించినందుకు ఇక్కడ ఈమెను మెచ్చుకుంటారు. పదమూడేళ్ళుగా ఉత్తరాలు, ఫోన్లే తప్ప ఒకరి మొహం ఒకరు చూసింది లేదు. ఈ కలపడం గురించి, కోయడం గురించి ఒక్క మాట అనుకున్నదీ లేదు. అయినా ఒక్క ఏడూ లెక్క తప్పలేదు.

ఈ ఏడు తప్పింది. ఈ ఏడు ఆమె రెండు కలపలేదు. గొట్టాల వరస ఒకటి, డ్రెయిన్ పైపు వంపు ఒకటి కొత్తగా మార్చాలి, పని నిజంగానే పదహారు రోజులు.

కలపకపోవడానికి కారణం బాయిలరు మేస్త్రి. ఆయన్ని అందరూ నిక్కచ్చి అంటారు. ఏ పనికి ఎంతసేపు పడుతుందని అడిగినా చప్పున చెప్పడు. చెవి మీది పెన్సిలు తీసి, అగ్గిపెట్టెంత కాగితం మీద ఏదో గీసుకుని, పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకుని, అప్పుడు ఒక అంకె చెబుతాడు. చెప్పాక అది మారదు. నిరుడు ఏదో పని మీద ఆమె గదికి వచ్చినప్పుడు బల్ల మీది ఉత్తరం ఆయన కంటపడింది. తను ఇచ్చిన పన్నెండు అక్కడ పద్నాలుగై కూర్చుంది.

కూర్చోమన్నా కూర్చోకుండా, "నా మాట మీద ఇంకో రెండు ఎందుకమ్మా?" అని అడిగాడు.

అక్కడివాళ్ళు ఎలాగూ కోస్తారని ఆమె సర్దిచెప్పబోయింది.

"కోసినప్పుడల్లా ఆ అబద్ధం నాదే అనుకుంటారు. అంచనా నాదని రాసి కింద నా పేరే వేశారు కదా" అన్నాడాయన. అందులో కోపం లేదు. అవమానం ఉంది. ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. వచ్చే ఏడు మీ అంకె మీరిచ్చినట్టే పంపుతానని మాటిచ్చింది. ఇచ్చిన మాట నిలబెట్టుకుంది కూడా. కత్తెర మాత్రం అలవాటు నిలబెట్టుకున్నాడు.

ఆమె ఉత్తరం పట్టుకుని మేనేజరు గదికి వెళ్ళింది. ఆయన చూసి, బాగానే ఉందిగా, మామూలే కదా అన్నాడు. ఈసారి తను ఏమీ కలపలేదనీ, పదహారూ నిజమేననీ ఆమె చెప్పింది. మేనేజరు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని ఆమె వైపు చూశాడు.

"అదెప్పట్నుంచి మేడం?" అన్నాడు, నవ్వుతూనే.

అభ్యంతరం రాద్దామని ఆమె అంది. ఆయన కాదనలేదు. కాదనడం ఆయన పద్ధతి కాదు, చిక్కుముడిని ఎదుటివాళ్ళ ఒళ్ళో పెట్టడం ఆయన పద్ధతి. ఈసారి అంకె నిజమని రాస్తే, మరి ఇన్నాళ్ళవీ ఏమిటని వాళ్ళడుగుతారు. ఒప్పందం ప్రకారం పాత మరమ్మతుల పని పుస్తకాలు తెప్పించుకునే హక్కు వాళ్ళకుంది. పుస్తకాల్లో పన్నెండు, ఉత్తరాల్లో పద్నాలుగు. ఇదంతా ఆయన వేడి టీ ఊదుకుంటూ, ఎవరి గురించో చెబుతున్నంత నింపాదిగా చెప్పాడు.

"రాయొద్దని నేననను. కానీ ఆ ఉత్తరాలన్నిటి మీదా సంతకాలు మీవే. బుధవారం అయిదు దాకా టైముంది కదా, మీరే చూసుకోండి. తేదీలు మీ పని."

పదమూడేళ్ళుగా ఆ మాట వింటే ఆమెకు సంతోషంగా ఉండేది. ఆ రోజు ఒంటరిగా అనిపించింది.

మంగళవారం పొద్దున్నే హెల్మెట్ పెట్టుకుని బాయిలరు దగ్గరికి వెళ్ళింది. ఎందుకు వెళ్ళిందో ఆమెకే తెలియదు. బహుశా ఆ పైపు పని అంత ముఖ్యం కాదని ఎవరైనా అంటారేమోనని ఆశ. కింది అంతస్తులో, బాయిలరు పొట్ట కింద, మనిషి నడుం వంచితే తప్ప పట్టని చోట మేస్త్రి గొంతుకూర్చుని ఉన్నాడు. ఆమెను చూడగానే మొహం విప్పారింది. తన అంకె తనదిగానే వెళ్ళిందని తెలిసినప్పటి నుంచీ ఆమెను చూస్తే ఆయనకు అదొక సంతోషం.

డ్రెయిన్ పైపు ఒకటి అక్కడ మోచేతిలా వంగి కిందికి దిగుతోంది. దాని పైన చుట్టిన వేడి కాపుదల పొరలో అరచెయ్యంత ముక్క కోసి పైపును బయటపెట్టారు. మేస్త్రి దాని మీద కాస్త జిగురు లాంటిది రాసి, మందం కొలిచే మీటరు బిళ్ళను ఆనించాడు. అంకెలు వణికి వణికి ఒకచోట నిలబడ్డాయి. కొత్తప్పుడు ఆరు మిల్లీమీటర్లున్న గోడ ఇప్పుడు మూడుకు వచ్చింది. మరో చోట పెట్టాడు, మూడుకు కొంచెం తక్కువ. లోపల నీళ్ళు వంపు తిరిగేచోట ఏళ్ళ తరబడి ఒరుసుకుని ఒరుసుకుని తినేశాయని చెప్పాడు. కొలిచిన ప్రతిచోటా సుద్దముక్కతో అంకె వేసి, గుండ్రంగా చుట్టాడు. గుండ్రాలన్నీ ఒకే కొలతలో ఉన్నాయి.

దీనికి రెండు రోజులు తప్పవా అని ఆమె అడిగింది. అడుగుతున్నప్పుడు గొంతు మామూలుగా ఉండేలా చూసుకుంది.

ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పాడు. పాత వంపు కోయడం ఒక పూట. కొత్తది అమర్చి వెల్డింగ్ చేయడం ఇంకో పూట. ఆ తర్వాత అతుకును వేడిచేసి మెల్లగా చల్లార్చాలి, ఎక్స్‌రే తీయాలి, బాగా లేకపోతే విప్పి మళ్ళీ చేయాలి.

"మనుషుల్ని తొందరపెట్టొచ్చమ్మా. నలుగురు చేసేది ఎనిమిదిమందితో చేయించొచ్చు. చల్లారే ఇనుముకి మన తొందర తెలీదు కదా."

ఆమె తలూపింది. రెండు రోజులు కోసేశారని అప్పుడే చెప్పి ఉండవచ్చు. ఇంకా ఒకటిన్నర రోజు గడువుంది, తేలాక చెబుదామనుకుంది. మేస్త్రి ఆమె హెల్మెట్ పట్టీ వదులుగా ఉందని చూసి, జాగ్రత్తమ్మా తల తగులుతుందని, ఆమె బయటికి వచ్చేదాకా తన అరచేతిని ఇనుప దూలానికి అడ్డంగా పెట్టి ఉంచాడు.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళేసరికి వాళ్ళ నాన్న కిటికీ దగ్గర మిషను ముందు కూర్చుని ఉన్నాడు. నలభై ఏళ్ళు దర్జీ పని చేసిన మనిషి. షాపు మూసేసి కూతురింటికి వచ్చినా మిషనును మాత్రం వదల్లేదు. ఆమె జాకెట్టు ఒకటి బిగుతైందంటే దాని పక్క కుట్టు విప్పుతున్నాడు. లోపల మడిచి ఉంచిన అంగుళం బట్ట, ఎండ తగలక, బయటి బట్ట కన్నా కొత్తగా నిగనిగలాడుతోంది.

ఆమె స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది. కాసేపు దారం ముక్కలు ఏరి, "నాన్నా, నువ్వు షాపులో బట్టలకి తేదీ నిజం చెప్పేవాడివా?" అని అడిగింది.

ఆయన నవ్వాడు. దర్జీని ఆ మాట అడిగినదానివి నువ్వొక్కదానివే అన్నాడు. శుక్రవారం అంటే ఆదివారం అని జనానికే తెలుసనీ, అందుకే శుక్రవారం ఎవరూ వచ్చేవారు కాదనీ చెప్పాడు. ఆపైన సూదిని బట్టలో గుచ్చి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఒక్కసారి నిజం చెప్పా. మీ అమ్మ పోరు పడలేక. శుక్రవారం అన్నవన్నీ శుక్రవారానికే కుట్టి, ఇస్త్రీ చేసి, వరసగా తగిలించి కూచున్నా. ఒక్కడూ రాలేదు. శనివారమూ రాలేదు. ఆదివారం పొద్దున అందరూ కట్టగట్టుకుని వచ్చి, ఏమయ్యా ఇంకా అవలేదా అని అరుచుకుంటూ లోపలికొచ్చారు."

ఇద్దరూ నవ్వారు. ఆమె నవ్వు ముందు ఆగిపోయింది. మరి అప్పుడేం చేశావని అడిగింది.

"ఏం చేస్తా? మళ్ళీ మామూలే. నిజం చెప్పేవాడు మొదట్నుంచీ చెప్పాలమ్మా. మధ్యలో మొదలెడితే ముందు పాతవన్నీ అబద్ధాలని ఒప్పుకోవాలి. షాపులో నిలబడి ఆ మాట అనడానికి నాకు మొహం చెల్లలేదు." ఆయన మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని కుట్టు మీదికి వంగాడు. "నాదేముందిలే, పోతే పండగ బట్టలు ఆలస్యం."

ఆమె లేచి దీపం వేసింది.

బుధవారం పొద్దున ఆఫీసుకు వెళ్తూనే తలుపు దగ్గరగా వేసుకుని అభ్యంతర పత్రం రాసింది. బాగా రాసింది. పైపు కొలతలు, వంపు బొమ్మ, ఒక్కొక్క పూట ఏ పని జరుగుతుందో, ఏది ఎందుకు తొందరపెట్టలేమో, అన్నీ ఒకటిన్నర పేజీలో కుదిరాయి. చివర 'పై అంచనాలో ఎలాంటి అదనపు రోజులూ చేర్చలేదని ధ్రువీకరిస్తున్నాము' అని రాసి ఆగిపోయింది. ఆ వాక్యం లేకపోతే పత్రం నిలబడదు. ఆ వాక్యం ఉంటే పదమూడేళ్ళ ఫైళ్ళు నిలబడవు. సంతకం పెట్టకుండా బోర్లించి, ముందు ఫోన్ చేసి నోటిమాటగా అడిగి చూద్దామనుకుంది. పన్నెండింటికి చేద్దామనుకుని భోజనం వేళని మానేసింది. రెండింటికి ఎవరో వచ్చారు. నాలుగుంపావుకు చేసింది.

అవతల కత్తెర గొంతు ఎప్పటిలాగే కొంచెం జలుబుగా ఉంది. జవాబు అందిందా అని ఆయనే అడిగాడు. ఎండలు ముందే ముదిరాయనీ, ఇంకో ప్లాంటులో కూడా ఒక యూనిట్టు పడుకుందనీ, పైనుంచి రోజూ తిట్లు తింటున్నాననీ చెప్పుకొచ్చాడు. ఆమె ఊ కొడుతూ కూర్చుంది. చెప్పాల్సిన మొదటి మాటను నాలుక మీద మూడుసార్లు సర్దుకుంది.

"ఆ పదహారు రోజుల సంగతేనండీ" అని మొదలుపెట్టింది.

అవతల ఆయన చిన్నగా నవ్వాడు. వెక్కిరింపు కాదు, చాలాకాలం పక్కింట్లో ఉన్నవాళ్ళు నవ్వే నవ్వు.

"మీ రెండూ నా రెండూ చెల్లు కదా మేడం. పైకి అనకూడదు గానీ, ఇన్నేళ్ళలో మీతో నాకు ఒక్క పేచీ లేదు. కొంతమంది పది రోజుల పనికి ఇరవై రాస్తారు, వాళ్ళతో బేరమాడలేక చస్తాను. మీరు రెండే కలుపుతారు. అది మర్యాద."

పదమూడేళ్ళ తన అబద్ధాన్ని ఒక మనిషి ఇంత ఆప్యాయంగా మెచ్చుకుంటుంటే, ఈ ఒక్కసారి నిజం చెప్పాను నమ్మండి అని ఎలా అనాలో తెలియలేదు. అంటే నమ్ముతాడేమో కూడా. ఆ తర్వాత ఆమెను గురించి ఏమనుకుంటాడు?

ఆయనే అడిగాడు. "ఏం, ఈసారి ఏమైనా ప్రత్యేకంగా ఉందా? ఉంటే ఇప్పుడే చెప్పండి, అయిదులోపు చూస్తాను."

అడిగాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నా ఆమెకు ఈ సంగతే ఊపిరాడనిచ్చేది కాదు. ఆయన తలుపు తీసి పట్టుకున్నాడు. పైపు కొలతలన్నీ ఆమె మోచేతి కింద ఉన్నాయి. ఎదురుగా గోడ గడియారంలో ఇంకా అరగంట పైనే ఉంది.

"ఏం లేదండీ" అంది ఆమె. "అందిందని చెబుదామనే చేశాను."

ఫోన్ పెట్టేసింది. అయిదింటికి ఉద్యోగుల బస్సు హారన్ వినిపించింది. పత్రాన్ని నాలుగు మడతలు పెట్టి, సొరుగు అడుగున, పాత డైరీల కింద పెట్టి, సంచి తీసుకుని లేచింది.

మూడు వారాల తర్వాత యూనిట్టు ఆగింది. పనులు ఎక్కడా తడబడలేదు. మేస్త్రి అంచనా అంచనాలాగే నడిచింది, గొట్టాల వరస ఏ పూట అవుతుందన్నాడో ఆ పూటకే అయింది. అందుకే పన్నెండో రోజు మధ్యాహ్నానికి, మిగిలిన రెండు రోజులు పరీక్షలకూ వెలిగించడానికే సరిపోతాయనీ, డ్రెయిన్ వంపుకు చోటు లేదనీ అందరికీ కళ్ళకు కట్టినట్టు తెలిసిపోయింది. మేనేజరు మీటింగు పెట్టి, దాన్ని వచ్చే ఏటికి తోసి, అప్పటిదాకా ఇనుప పట్టీ బిగించమన్నాడు. ఆమె నోట్సు రాసుకుంటున్నట్టు తల వంచుకుంది.

బయటికి వచ్చేసరికి మేస్త్రి మెట్ల కింద నిలబడి ఉన్నాడు. చేతులకు మసి, చెవి మీద పెన్సిలు. ఆయన ఇంకా నమ్మలేనట్టే ఉన్నాడు.

"పదహారేగా పంపారు?"

"పదహారే పంపాను మేస్త్రిగారూ."

"కోశారా?"

"కోశారు."

ఆయన పెన్సిలు తీసి చేతిలో తిప్పాడు. "అది నిజం లెక్కని మీరు చెప్పలేదా అమ్మా?"

అడిగే మొహంలో ఇసుమంత అనుమానం లేదు. అదే ఆమె కొంప ముంచింది. ఆ మొహం చూస్తూ లేదని అనలేకపోయింది.

"చెప్పాను" అంది. "వినలేదు."

మేస్త్రి పెన్సిలు మళ్ళీ చెవి మీద పెట్టుకున్నాడు. సరేలెమ్మా, మీరు మాత్రం ఏం చేస్తారని ఆమెనే ఓదార్చి వెళ్ళిపోయాడు. పైపు మీద సుద్దతో వేసిన గుండ్రాల మీదుగానే ఇనుప పట్టీ బిగించారని తర్వాత ఎవరో చెప్పారు.

ఆ పట్టీ డెబ్బై రోజులు ఆగింది. ఒక పొద్దున పది గంటలకు దాని అంచు నుంచి బుస్సుమని సన్నటి ఆవిరి మొదలైంది. మేస్త్రి తన మనుషులను వెనక్కి పంపి, చుట్టూ తాడు కట్టించి, యూనిట్టు ఆపమని కంట్రోల్ రూముకు కబురు చేశాడు. ఆపేలోగా తాడు లోపల ఉండిపోయిన గ్యాసు సిలిండరు కోసం ఒకడు వంగి వెళ్ళబోతే, వాణ్ణి చొక్కా పట్టి వెనక్కి లాగి తను వెళ్ళాడు. సిలిండరు బయటికి తోశాడు. అప్పుడే పట్టీ ఊడింది. మొహాన్ని కాపాడుకోవడానికి ఎత్తిన కుడిచెయ్యి ముంజేతి దాకా ఉడికిపోయింది.

యూనిట్టు తొమ్మిది రోజులు ఆగింది. రెండు రోజులు ఇవ్వని పైపు తొమ్మిది రోజులు తీసుకుంది. మేనేజరు ఆ రోజే కొత్త వంపుకు ఆర్డరు రాశాడు. అది చూసి గుమాస్తా ఒకాయన, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అని సామెత అనేసి, అన్నది ఏమిటో తెలిసి నాలుక కరుచుకున్నాడు.

ఆమె ఆసుపత్రికి వెళ్ళింది. మేస్త్రి మందుల మత్తులో ఉన్నాడు. మంచం పక్కన ఆయన భార్య లేచి స్టూలు ఇచ్చింది. ఆమె కూర్చోలేక నిలబడలేక అవస్థపడుతుంటే, ఆవిడే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"మీరు వాళ్ళతో చాలా వాదించారట కదమ్మా, ఆ రెండు రోజుల కోసం. ఆయన చెప్పారు. వాళ్ళు వినకపోతే మీరేం చేస్తారు" అంది ఆవిడ.

ఆమె ఆవిడ చేతిలోంచి తన చెయ్యి తీసుకోలేకపోయింది. నీళ్ళ సీసాలో నీళ్ళు ఉన్నాయా, డాక్టరు ఎప్పుడొస్తాడు లాంటివి అడిగి వచ్చేసింది. ఇంటికెళ్ళి ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని ఏడ్చింది. వాళ్ళ నాన్న ఏమైందని అడగలేదు, కంచం పక్కకు జరిపి మంచినీళ్ళు పెట్టాడు.

రెండో యూనిట్టు మరమ్మతుకు రోజులు అడగాల్సిన వారం వచ్చేసరికి మేస్త్రి డ్యూటీలో చేరాడు. బాయిలరు దగ్గరికి కాదు, పనిముట్ల గదికి. కుడిచేతి చర్మం గులాబీరంగులో మెరుస్తూ బిగుసుకుంది, వేళ్ళు సగానికే ముడుచుకుంటాయి. కొత్త మేస్త్రి ఇంకా రాలేదు కనక అంచనా మాత్రం ఈ ఒక్కసారికి ఆయన్నే ఇమ్మన్నారు.

గురువారం ఆయన మెట్లెక్కి ఆమె గదికి వచ్చాడు. చెవి మీద పెన్సిలు లేదు. ఈసారి చెప్పకుండానే కూర్చున్నాడు. అగ్గిపెట్టెంత కాగితం కూడా లేదు, లెక్కంతా తలలోనే చేసుకుని వచ్చినట్టున్నాడు. తను రాయలేననీ, ఆమెనే రాయమనీ అడిగాడు. ఆమె అంచనా పత్రం తీసి ఎదురుగా పెట్టుకుని, కలం మూత తీసి, పనులన్నీ ఒకటొకటిగా అడిగి రాసుకుంది. చివర మొత్తం రోజుల గడి మిగిలింది.

"పదమూడు వేయండి" అన్నాడు మేస్త్రి.

ఆమె పైన రాసినవి మనసులో కూడుకుంది. పదకొండే వస్తున్నాయి. మళ్ళీ కూడింది.

"పదకొండే కదా మేస్త్రిగారూ?"

"పని పదకొండే. పదమూడు వేయండి." ఆయన చూపు గోడ మీది చార్టు వైపు ఉంది. "నిజం చెప్పినా వాళ్ళు వినలేదన్నారు కదమ్మా. వినని చోట నిక్కచ్చిగా ఉండి ఏం లాభం? ఈసారి లోపలికి వెళ్ళేది కొత్తవాడు. వాడి చెయ్యైనా మిగలాలి."

కలం ఆమె వేళ్ళ మధ్య ఆగిపోయింది. జరిగింది చెప్పకుండా ఈ కాగితం మీద ఏ అంకె రాసినా తప్పేనని ఆమెకు తోచింది. సొరుగు అడుగు నుంచి నాలుగు మడతల పత్రం తీసి, విప్పి, ఆయన వైపు తిప్పి పెట్టింది. తను చెప్పలేదనీ, చెప్పడానికే ఫోన్ చేశాననీ, ఏమైనా ఉందా అని కత్తెరే అడిగినా ఏం లేదన్నాననీ చెప్పింది. ఒక్క మాట కూడా అందంగా చెప్పలేకపోయింది. వాళ్ళు వినలేదన్నది అబద్ధమనీ, మేస్త్రి వేసిన లెక్కలో, తన అంకె మార్చొద్దని నిరుడు ఆయన అడగడంలో ఏ తప్పూ లేదనీ, ఈసారి పదకొండే రాస్తే తను స్వయంగా ఆ ఆఫీసుకు వెళ్ళి పాత సంగతంతా ఒప్పుకుని మరీ అడుగుతాననీ అంది.

మేస్త్రి పత్రాన్ని ఎడమచేత్తో దగ్గరికి లాక్కున్నాడు. పైపు కొలతలను చూశాడు. అవి తను సుద్దతో వేసిన అంకెలే. కింద ఖాళీగా ఉన్న సంతకం గీతను చూశాడు. బయట ఎవరో బండి తోసుకుంటూ పోతున్నారు, దాని చక్రం కిర్రుమంటోంది. ఆ చప్పుడు వరండా చివరిదాకా వెళ్ళి ఆగేవరకూ ఆయన ఆ గీత మీదే వేలు పెట్టి ఉంచాడు. తిట్టినా బాగుండునని ఆమెకు అనిపించింది.

"వాళ్ళు వినలేదనుకున్నప్పుడు, పోనీ మన వైపు మీరొకరున్నారు కదమ్మా అనుకున్నా" అన్నాడు చివరికి, గొంతు ఎత్తకుండా.

పత్రాన్ని ఉన్న మడతల మీదే జాగ్రత్తగా మడవబోయాడు. ఒక చెయ్యి సాయం సరిపోక అది మళ్ళీ మళ్ళీ విచ్చుకుంది. వదిలేసి, అంచనా కాగితం మీది ఖాళీ గడిని ఎడమచేతి వేలితో చూపించాడు.

"పదమూడే వేయండమ్మా."

ఆమె వేసింది. అంకె గుండ్రంగా, స్పష్టంగా, ఆమె ఎప్పుడూ రాసేలాగే పడింది. ఆయన దాన్ని పరీక్షగా చూసి, కలం కోసం ఎడమచెయ్యి చాపాడు. కింద అంచనా వేసినవారు అన్నచోట సంతకం మొదలుపెట్టాడు. అలవాటులేని చేతి కింద కాగితం పక్కకు జారిపోతోంది. ఆమె రెండు చేతులతో దాన్ని కదలకుండా పట్టుకుని, ఆయన ముగించేదాకా అలాగే కూర్చుంది.